బూరమీది పేరు

ఒక వస్తువు ఎవరి పేరు మోయవలెను? చేసినవాని పేరా, అమ్మినవాని పేరా? సంతలో ఈ ప్రశ్న ఎవరును అడుగరు. చీర కొన్నవారు పెట్టెమీద అంగడి పేరు చూచి, ఇది ఫలాని కొట్టు చీర అని చెప్పుకొందురు. ఆ చీరను నేసిన మంగళగిరి నేతగాని పేరు ఆ పెట్టెమీద ఉండదు. అంగడివాడు అబద్ధమాడినాడా? ఆడలేదు. నిజమంతయు చెప్పినాడా? చెప్పలేదు. ఈ రెంటికి నడుమ ఒక చోటున్నది. అక్కడనే మన మనస్సాక్షి తరచుగా నిదురపోవును. ఆ చోటును గూర్చి ఈ నెల కొంచెము ఆలోచింతము. అందుకు ఒక ఇత్తడి బూరను ఉదాహరణగా తీసికొనుచున్నాను.

పెండ్లిండ్లలోను, క్రిస్మసు ఊరేగింపులలోను బ్యాండు మేళమువారు ఊదు ట్రంపెట్టు మీకందరికి తెలిసినదే. దాదాపు ఒకటిన్నర మీటరు పొడవుగల గొట్టమును మెలిక త్రిప్పి, నడుమ మూడు వాల్వులు అమర్చి, చివరను ఉమ్మెత్త పువ్వువలె విచ్చుకొన్న మూతిని చేయుదురు. ఆ మూతినే బెల్లు అందురు. బెల్లుమీద సాధారణముగా ఒక పేరు చెక్కబడి యుండును. చదివినవాడు, ఆ పేరుగలవారే దీనిని చేసిరని అనుకొనును. అయితే పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములనుండి ఇరువదవ శతాబ్దపు నడిమి దినములవరకు అమెరికాలో అమ్ముడైన అనేకమైన కార్నెట్లు, ట్రంపెట్ల విషయములో ఆ తలంపు సరికాదు. వాటిని చేసినది ఒక కర్మాగారము. వాటిమీద చెక్కబడినది అమ్మిన అంగడి పేరు. ఆ వ్యాపారములో ఇట్టివాటిని స్టెన్సిల్ బూరలు అని పిలుతురు.

ఇది ఎట్లు ప్రారంభమాయెనో చూడుడి. అమెరికా అంతర్యుద్ధము 1861 నుండి 1865 వరకు జరిగెను. అటుతరువాత చిన్న చిన్న ఊళ్లలో సయితము ఊరి బ్యాండు ఒకటి ఉండుట గొప్ప మర్యాదగా ఎంచబడెను. పొలము దున్నువాడు, కమ్మరి, బడిపంతులు, దుకాణదారుడు కలిసి సాయంకాలములు సాధన చేయుచుండిరి. వారికి బూరలు కావలెను; దగ్గరలో అంగడి లేదు. చికాగో పట్టణములో 1864లో స్థాపింపబడిన లయన్ అండ్ హీలీ అను సంగీత వాద్యముల సంస్థ వారికి క్యాటలాగులు పంపుచుండెను. 1872లో మాంట్‌గొమరీ వార్డు, 1890ల నాటికి సియర్స్ రోబక్ అను గొప్ప వర్తక సంస్థలు తపాలా మూలముగా నాగలి మొదలుకొని గడియారమువరకు సమస్తమును అమ్మసాగెను. 1896లో పల్లెటూళ్ల ఇండ్లకే ఉత్తరములు తెచ్చి ఇచ్చు తపాలా ఏర్పాటును, 1913లో పార్సిలు తపాలాయు ఆరంభమాయెను. చూడకుండ, ముట్టకుండ, ఊదకుండ, కేవలము ఒక బొమ్మను నాలుగు మాటలను నమ్మి పేదవాడు సొమ్ము పంపు కాలము వచ్చెను.

ఈ వర్తకులకు స్వంత కర్మాగారములు చాలామట్టుకు లేవు. కర్మాగారములవారికి యంత్రములు ఖాళీగా నుండుట నష్టము. గనుక ఇరువురును ఒక ఒడంబడికకు వచ్చిరి. మీరు చేయుడి, మా పేరు చెక్కుడి, మేము అమ్ముదుము అని వర్తకులు చెప్పిరి. ఇండియానా రాష్ట్రములోని ఎల్ఖార్ట్ పట్టణము ఇట్టి పనికి పెట్టినది పేరు. యుద్ధములో సిపాయిగా పనిచేసిన చార్లెస్ కాన్ 1870లలో అక్కడ ఈ పరిశ్రమను ఆరంభించెను. ఆయన యొద్ద పనిచేసిన బ్యూషర్, మార్టిన్ అనువారు పిదప అదే ఊరిలో స్వంత కర్మాగారములు పెట్టుకొనిరి. విస్కాన్సిన్ రాష్ట్రములో హోల్టన్, క్లీవ్‌లాండులో హెచ్. ఎన్. వైట్, గ్రాండ్ రాపిడ్సులో యార్క్ అను సంస్థలుండెను. సముద్రము ఆవల బొహీమియాలోని గ్రాస్‌లిట్స్‌నుండియు, జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్హెన్‌నుండియు పెట్టెలకొలది వాద్యములు అమెరికా చేరి, అక్కడి అంగళ్ల పేర్లు ధరించెను.

ఇప్పుడు ప్రశ్న. ఇది అబద్ధమా? దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పరాదు. అంగడివాడు తన నిజమైన పేరును, తన ఊరిని చెక్కించినయెడల, దీనికి నేను పూచీ అని అతడు చెప్పుచున్నాడు. వాల్వు బిగుసుకొనిన దినమున కొన్నవానికి ఎవరి గుమ్మము తట్టవలెనో తెలియును. అట్టి పేరు ఒక జామీను. దానిలో దోషము లేదు. అయితే కొందరు వర్తకులు ఎన్నడును జీవించి యుండని మనుష్యుల పేర్లు కల్పించిరి. ఆ దినములలో పారిసు నగరపు బూరలకు గొప్ప కీర్తి ఉండెను గనుక, కల్పించిన పేర్లును ఫ్రెంచి పేర్లవలె వినిపించుచుండెను. మరికొందరు బెస్సన్ అను ప్రసిద్ధుని పేరు చెక్కించి, దాని ప్రక్కన మాదిరి అను అర్థమిచ్చు మాటను చేర్చిరి. అక్షరముల ప్రకారము అది సత్యమే. కాని చదువువాని కన్ను ఏ మాటమీద నిలుచునో చెక్కించినవానికి బాగుగా తెలియును. మోసము చేయవలెనన్న ఉద్దేశముతో చెప్పిన సత్యమును సత్యమనవచ్చునా? అనరాదని నా నిశ్చయము. మాట ఎట్టిదో నోటిని బట్టి మాత్రమే కాక, వినువాని హృదయములో అది ఏమి పుట్టింపవలెనని పలికితిమో దానిని బట్టియు తేలును.

ప్రభుత్వములు సయితము ఈ కష్టమును గుర్తించెను. 1887లో బ్రిటను దేశము ఒక చట్టము చేసి, పరదేశ వస్తువులు స్వదేశపు గుర్తులతో చలామణి కాకుండ, పుట్టిన దేశము పేరు వాటిమీద వేయించెను. 1890 నాటి సుంకముల చట్టము ప్రకారము అమెరికాయు అట్లే చేసెను. కనుక ఒక పాత బూరమీద అంగడి పేరుతోపాటు బొహీమియా అనియో జర్మనీ అనియో కనబడినయెడల, అది ఆ చట్టము అమలులోనికి వచ్చిన 1891కి తరువాత దిగుమతియైన దానిగా సాధారణముగా ఎంచవచ్చును. ఇందులో ఒక వింత గలదు. జర్మనీలో చేయబడినది అను మాటను బ్రిటనువారు ప్రజలను హెచ్చరించుటకు వేయించిరి. కొన్ని సంవత్సరములకే ఆ పని మంచిదగుటచేత ఆ మాటయే మెప్పుగా మారెను. అవమానముగా తగిలించిన పేరును మంచి పని ఘనతగా మార్చివేసెను.

అంగడి పేరుగల బూరను నిజముగా చేసినదెవరో కనుగొనుట సాధ్యమా? చాలమట్టుకు సాధ్యమే. పేరు చెక్కు పని నిమిషములలో అగును. కాని అచ్చులు, మూసలు, పనిముట్లు సంవత్సరములకొలది మారవు. పేరు మార్చిన కర్మాగారము తన చేతివ్రాతను మార్చలేదు. గనుక తెలిసినవారు బెల్లును చివరను చూతురు. మొదట గొట్టములను కలుపు ఆనింపుల ఆకారము చూతురు. వాల్వుల మూతల అంచుమీది గీతలు, వ్రేలు తగిలించు కొక్కెము వంపు, లోపల చేరిన నీటిని విడుచు చిన్న తాళము, స్లైడుల చివరి కడియములు, వాల్వు గొట్టముమీద అంకెలు కొట్టిన తీరు, ఇవన్నియు పరిశీలింతురు. పిదప అదే కాలములో ఆయా కర్మాగారములు తమ స్వంత పేరుతో చేసిన బూరను ప్రక్కన పెట్టి పోల్చుదురు.

అయితే ఒక్క గుర్తును చూచి తీర్పు చెప్పరాదు. పనివారు ఒక కర్మాగారమునుండి మరియొక కర్మాగారమునకు పోవుచు తమ పద్ధతులను వెంట తీసికొనిపోయిరి. కొన్ని భాగములు పలువురు ఒకే చోట కొనుచుండిరి. కొందరు ఒకరి ఆకారమును మరియొకరు అనుకరించిరి. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీదనే సంగతి స్థిరపడవలెనని మోషే ధర్మశాస్త్రము నేర్పును గదా. మనుష్యుని విషయములో ఎంత మంచి నియమమో, ఇత్తడి విషయములోను అంత మంచి నియమము. ఒక కొక్కెము పోలికను చూచి, ఇది కాన్ చేసినదే అని ప్రమాణము చేయువాడు తొందరపాటుగల న్యాయాధిపతి.

ఇక ముఖ్యమైన సంగతికి వత్తుము. చేసినవాడు తెలిసెననుకొందము. అంతమాత్రమున బూర మంచిదని తేలెనా? తేలలేదు. గొప్ప కర్మాగారములు అంగళ్లకు చేసి ఇచ్చిన బూరలు తరచుగా వారి శ్రేష్ఠమైన బూరలవంటివి కావు. తమ పేరుకు వన్నె తెచ్చిన క్రొత్త ఏర్పాట్లను, పేటెంటు పొందిన సాధనములను స్వంత బూరలకు ఉంచుకొని, సాదా మాదిరులను అంగళ్లకు ఇచ్చుచుండిరి. తక్కువ వెలకు అమ్ముటకు వారే వేరు పేర్లు పెట్టుకొనుటయు కలదు. కాన్ వారికి పాన్ అమెరికన్ అను రెండవ పేరుండెను, హెచ్. ఎన్. వైట్ వారి మేలు బూరలు కింగ్ పేరుతోను, చవుక బూరలు క్లీవ్‌లాండ్ పేరుతోను వచ్చెను; హోల్టన్ వారికి కాలేజియేట్ అను పేరుండెను. ఇది చవుకదని ఆ పేరే ఒప్పుకొనుచున్నది గనుక అందులో ఒక విధమైన నిజాయితీ ఉన్నదనవలెను. మరియొక ప్రక్కన, ఏ గొప్ప పేరును లేని అంగడి బూరలలో కొన్ని నేటివరకును తియ్యగా పలుకుచున్నవి. కాబట్టి దీనిని ఎవరు చేసిరి అనునది ఒక ప్రశ్న. ఇది ఎట్లు చేయబడినది అనునది మరియొక ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకగానే రెండవదానికిని దొరకినదనుకొనుట అందరమును చేయు పొరబాటు.

రెండవ ప్రశ్నకు జవాబు బూరయందే యున్నది. మొదటి లేక మూడవ వాల్వు స్లైడును, వాల్వు నొక్కకుండ, కొంచెము బయటికి లాగి, పిదప వాల్వు నొక్కుడి. టప్పున చప్పుడైనయెడల లోపల గాలి నిలుచుచున్నది; వాల్వు అరుగలేదు. చప్పుడు లేనిచో గాలి జారిపోవుచున్నది. మంచి వాల్వుకును దాని గొట్టమునకును నడుమ సందు తల వెంట్రుక మందము కంటె తక్కువగా నుండవలెను. ఊదు గొట్టమును వెలుతురులో చూడుడి. సాధారణమైన పసుపు ఇత్తడిలో నూటికి డెబ్బది పాళ్లు రాగి, ముప్పది పాళ్లు జింకు ఉండును. కాలక్రమమున తేమవలన జింకు కరిగిపోయి గులాబిరంగు మచ్చలు కనబడినయెడల లోహము లోపలినుండి తినివేయబడుచున్నది. పైన మెరుగు పెట్టినంతమాత్రమున అది కుదురదు. అతుకులు వేళ్లతో తడిమి చూడుడి. స్లైడులన్నియు కదలుచున్నవేమో చూడుడి. చివరకు తెలిసిన వాద్యగానికి ఇచ్చి, శ్రుతి తెలిసిన హార్మనీ ప్రక్కన మెల్లగాను గట్టిగాను ఊదింపుడి. ఈ పరీక్షలలో ఒక్కదానికైనను బెల్లుమీది పేరు అడ్డురాదు, సహాయమును చేయదు.

ఈ సంగతి నేటికిని తీరిపోలేదు. సియర్స్ వారి పెద్ద క్యాటలాగు 1993లో నిలిచిపోయెను గాని, ఆ వర్తక పద్ధతి నిలిచిపోలేదు. చైనాలోని కర్మాగారములు చేయు బూరలు లోకమంతటను అనేక అంగళ్ల పేర్లతో అమ్ముడగుచున్నవి. పాత అమెరికా బూరలు చేతులు మారుచునే యున్నవి. అక్కడ అమ్మువాని యెదుట రెండు శోధనలు నిలుచును. కొనవలసి వచ్చినప్పుడు, ఇది వట్టి అంగడి బూరయని తృణీకరించి వెల తగ్గించుట మొదటిది. అమ్మవలసి వచ్చినప్పుడు, నిజమునకు ఇది కాన్ చేసినదే అని రుజువులేక హెచ్చించి చెప్పుట రెండవది. ఒకే నాలుకనుండి ఉదయము తృణీకారము, సాయంకాలము పొగడ్త! సామెతల గ్రంథకర్త కొనువాని గూర్చి ఇట్టి మాటనే చెప్పియున్నాడని బైబిలు చదువువారికి జ్ఞాపకము వచ్చును. అబద్ధ సాక్ష్యము పొరుగువాని ప్రాణమునకు విరోధముగానే కాక, అతని సంచికి విరోధముగాను పలుకవచ్చును. తెలిసినంతవరకు చెప్పి, తెలియనిదానిని తెలియదని చెప్పు వర్తకుడు నాలుగు రూపాయలు పోగొట్టుకొనవచ్చును. తన మాటను పోగొట్టుకొనడు.

ఇంతవరకు కొనువారిని, అమ్మువారిని గూర్చి మాటలాడితిని. పనివాని సంగతి ఏమి? మార్క్‌నాయ్‌కిర్హెన్ ప్రాంతములో అనేకులు తమ ఇండ్లలోనే పనిచేయుచుండిరి. చేసిన వాద్యములను వర్తకులకు అప్పగించి కూలి పుచ్చుకొనుచుండిరి. వ్యాపారము ఎంత పెరిగెననగా 1893లో అమెరికా ప్రభుత్వము ఆ చిన్న ఊరిలో తన ప్రతినిధి కార్యాలయము తెరిచెను. వర్తకులు మేడలు కట్టుకొనిరి. ఆ మేడలు కొన్ని నేటికిని అక్కడ నిలిచియున్నవి. చేసినవాని పేరు మాత్రము బూరమీద లేదు, మేడమీద లేదు. అతడు చేసిన బూర సముద్రము దాటి, ఎన్నడును చూడని ఊరిలో, ఎన్నడును వినని పేరుతో మ్రోగెను.

ఇక్కడ నాకు తోచిన ప్రశ్న ఇది. తన పేరు రాదని ఎరిగిన పనివాడు ఎట్లు పనిచేయవలెను? స్వంత పేరుగల బూర చెడినయెడల నింద వచ్చును. అంగడి పేరుగల బూర చెడినయెడల నింద అంగడివానిది. అతుకు కొంచెము వదులుగా వేసినను అడుగువాడు లేడు. అట్టి చోటనే మనుష్యుని పనితనము నిజముగా తూచబడును. పేరున్న పనిలో శ్రద్ధ చూపుటకు అభిమానము చాలును. పేరులేని పనిలో శ్రద్ధ చూపుటకు మనస్సాక్షి కావలెను. నూరు సంవత్సరములు దాటియు గాలి జారనివ్వని ఒక అంగడి బూర దొరకినప్పుడు, దానిని చేసిన అజ్ఞాతుడు తన మనస్సాక్షిని ఇత్తడిలో విడిచిపోయెనని చెప్పవచ్చును. కొలొస్సయి సంఘములోని దాసులకు పౌలు వ్రాసిన హితవు ఇట్టివారికే చెందును. వారు చేసిన పని అంతయు యజమానుని పేరనే చెల్లుచుండెను గదా. అయినను చూచువాడు ఒకడున్నాడని అతడు వారికి జ్ఞాపకము చేసెను.

సంఖ్యాకాండములో మోషే చేయింపవలసిన రెండు వెండి బూరల సంగతి చదువుదుము. అవి నకిషిపనిగా చేయబడవలెను. ఎప్పుడు ఊదవలెనో, ఎవరు ఊదవలెనో, ఒక బూర ఊదినప్పుడు ఎవరు కూడవలెనో, రెండును ఊదినప్పుడు ఎవరు కూడవలెనో అంతయు అక్కడ వ్రాయబడినది. సుత్తె పట్టి ఆ వెండిని సాగగొట్టినవాని పేరు మాత్రము అక్కడ లేదు. అయినను సమాజమంతయు ఆ ధ్వనికి కదలెను.

మన పల్లె సంఘములకు దీనివలన ప్రయోజనమేమి? మన బ్యాండు మేళముల బూరలలో అనేకములు ఉత్తర దేశములోని మీరట్ పట్టణమునుండి వచ్చును. అక్కడ జలీ కోఠీ అను పేటలో ఈ పని తరతరములుగా సాగుచున్నది. వాటిని చేసిన పనివారి పేర్లు మనము ఎరుగము. కోత పండుగ కానుకలతో సంఘ పెద్దలు ఒక బూర కొనవెళ్లినప్పుడు, వారి చేతిలోని రూపాయలు విధవరాండ్రు, కూలివారు వేసిన రూపాయలు. పరదేశపు పేరు చూచి మురిసి ఎక్కువ ఇచ్చుటయు, పేరు లేదని మంచిదానిని విడిచిపెట్టుటయు వారి సొమ్మును నిర్లక్ష్యము చేయుటయే. తెలిసిన వాద్యగానిని వెంట తీసికొనిపొండి. పేరును చివరను చదువుడి. ఇది ఎవరు చేసిరని అడుగుడి. అంగడివాడు తెలియదన్నయెడల కోపపడకుడి, ఆ మాట నిజమైనదే కావచ్చును. పిదప వాల్వులను, అతుకులను, ధ్వనిని విచారించి న్యాయమైన వెల ఇయ్యుడి. పనివాని చెయ్యి బాగున్నదని తోచినయెడల, పేరు తెలియకపోయినను ఆ మాట పదిమందిలో చెప్పుడి. అది అతనికి చేరదు; అయినను అతనికి చెల్లవలసిన బాకీయే.

మన పనులును అట్టివే. సంఘములో చాపలు వేయువారు, దీపములు తుడుచువారు, పిల్లలకు పాటలు నేర్పువారు ఉన్నారు. పండుగ కరపత్రము మీద వారి పేర్లు అచ్చుపడవు. పడిన పేర్లను చూచి మాత్రమే పనిని తూచుట మానుకొందము. రాత్రి ఊరేగింపు వెనుక చివరి వరుసలో నడచు ముసలమ్మకు బెల్లుమీది అక్షరములు కనబడవు. చూపు ఉన్నను ఆమె చదువలేదు. బూర సరిగా పలికినదో లేదో మాత్రము ఆమెకు తెలియును.